గోవిందమ్మ ఇంట్లో ఇటలీ

మానవ నాగరికత గుహలో మొదలై, గుడిసెలో తలదాచుకుని, పెంకుటింట్లో పెళ్ళిళ్ళు చేసి, స్లాబు మీద మిరపకాయలు ఎండబెట్టి, చివరికి ఇంటీరియర్ దగ్గరికి వచ్చి ఆగింది. ఇక్కడి నుంచి పైకి ఎక్కడానికి మనిషికి మరో మెట్టు మిగల్లేదని నిపుణులు తేల్చారు. (ఆ నిపుణులు ఎవరని అడగవద్దు. ఇంటీరియర్ వాళ్ళు పంచిన కరపత్రంలో వాళ్ళ పేర్లు వేయలేదు, గడ్డాల ఫోటోలు మాత్రం వేశారు.)

మహబూబ్‌నగర్‌కు ఈ ఆఖరి మెట్టు కాస్త ఆలస్యంగా చేరింది. మా దగ్గరికి వానతో సహా అన్నీ ఆలస్యంగానే వస్తాయి కాబట్టి ఎవరూ నొచ్చుకోలేదు. రాష్ట్రం వచ్చింది, ఉన్న ఒక్క జిల్లా అయిదు జిల్లాలైంది, ఆ ఊపులోనే బైపాస్ రోడ్డు మీద ఎరువుల దుకాణానికీ పంక్చర్ షాపుకూ నడుమ ‘కాసా పాలమూరు’ అనే అద్దాల షోరూం వెలిసింది. కాసా అంటే ఇటలీ భాషలో ఇల్లట, పాలమూరు అంటే మా ఊరి పాత పేరు. యజమాని అఖీల్, మా మెహమూద్ మిస్త్రీ కొడుకు. మెహమూద్ మిస్త్రీ నలభై ఏళ్ళుగా ఈ ఊరికి తలుపులు, అలమారలు, మంచాలు చేసి పెట్టిన మనిషి. అఖీల్ హైదరాబాద్‌లో ఆరు నెలల డిజైన్ కోర్సు చేసి, తండ్రి చేసినవన్నీ ఇళ్ళలోంచి తీసేయించే వృత్తిలోకి దిగాడు. దీని వల్ల తండ్రీకొడుకుల మధ్య గొడవేమీ రాలేదు. కొడుకు తీయించినవి పెట్టుకోవడానికి తండ్రి కార్ఖానాలో బోలెడు జాగా ఉంది.

ఆధునిక ఇటాలియన్ గృహాలంకరణ సూత్రాలు మొత్తం పదకొండు అని అఖీల్ చెబుతాడు. ఇటలీలో ఎన్ని ఉన్నాయో తెలియదు, పాలమూరుకు పదకొండు కేటాయించారు. వాటిలో మొదటిది, ఇంట్లో ఎంత తక్కువ ఉంటే అంత ఎక్కువ ఉన్నట్టు. (ఈ సూత్రాన్ని మా జిల్లా కరువు రోజుల నుంచే అమలు చేస్తోంది గానీ, అప్పుడు దానికి డిజైన్ అని పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు.) రెండోది, అవసరమైన వస్తువు కనిపించకూడదు. మూడోది, కనిపించే వస్తువు అవసరం కాకూడదు. నాలుగోది గోడల రంగు గురించి. పిండిలో పాలు కలిపిన రంగు, పిండిలో నీళ్ళు కలిపిన రంగు, ఉత్త పిండి రంగు, ఈ మూడింటిలో ఏదైనా ఎంచుకునే పూర్తి స్వేచ్ఛ ఇంటి యజమానికి ఉంటుంది.

మా ఎదురింటి గోవిందమ్మ ఇంటికి ఇటలీ వచ్చింది ఈ విధంగానే. ఆ ఇల్లు ఆమె భర్త జంగయ్య కట్టించింది. ఆయన పశువుల దవాఖానలో కాంపౌండరుగా పనిచేసి, ఇంటిని భార్య పేరు మీద రాయించి, ఆరేళ్ళ కింద పోయాడు. ఇప్పుడు ఇంట్లో గోవిందమ్మ, జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే కొడుకు రిత్విక్, బ్యాంకులో పనిచేసే కోడలు వర్షిత ఉంటారు. ఉంటారు అనేది పాత లెక్క. నిజానికి ఆ ఇంట్లో వాళ్ళ సొంతూరు కోస్గి మొత్తం ఉండేది.

జిల్లా కేంద్రంలో సొంతిల్లు ఉన్న ప్రతి కుటుంబానికీ వెనకాల ఒక ఊరు ఉంటుంది. ఆ ఊళ్ళో ఎవరికి జ్వరం వచ్చినా, పరీక్ష వచ్చినా, కోర్టు వాయిదా వచ్చినా, మొదట వచ్చేది ఆ ఇంటికే. కోస్గి బస్సు దిగినవాళ్ళు దవాఖాన ఎక్కడని అడిగేవారు కాదు, గోవిందమ్మ ఇల్లు ఎక్కడని అడిగేవారు. రాత్రికి హాల్లో వరుసగా పడుకునేవారు. ఎవరూ ఉత్త చేతులతో వచ్చేవారు కాదు. కందులు, పల్లీలు, జొన్నలు, కాలానికి సీతాఫలాలు. అవన్నీ ఆ మూలా ఈ మూలా సర్దుకునేవి. డైనింగ్ టేబుల్ మీద ఎవరి ఎక్స్‌రేలో, ఎవరి హాల్ టికెట్లో, ఎవరి పళ్ళ సెట్టో ఎప్పుడూ ఉండేవి.

వర్షిత చెడ్డ పిల్ల కాదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కౌంటర్ ముందు నిలబడ్డవాళ్ళకు జవాబు చెప్పి ఇంటికి వస్తే, హాల్లో మరో పదకొండు మంది కూర్చుని ఉండేవారు. ఒకరోజు ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం నేనే చూశాను.

“అత్తమ్మా, నాకు ఒక్క టేబుల్ కావాలె. దాని మీద ఏం ఉండొద్దు. జర సేపు దాని ముంగట కూసుంట, గంతే” అన్నది.

గోవిందమ్మ మనసు కరిగింది. “గంతేనా బిడ్డా? నీ ఇష్టం. మంచిగ చేపిచ్చుకో” అన్నది. ఒక టేబుల్ ఖాళీ కావడానికి ఇల్లు మొత్తం ఖాళీ కావలసి ఉంటుందని అప్పుడు ఇద్దరికీ తెలియదు.

అఖీల్ టేపు పట్టుకుని వచ్చి, ఇంట్లోని వస్తువులను ‘కంటికి తగిలేవి’, ‘కంటికి గుచ్చుకునేవి’ అని రెండు రకాలుగా విభజించాడు. మూడో రకం లేదు. నులక మంచం పోయింది. ఇత్తడి బిందెలు పోయాయి. కుట్టు మిషను, జొన్నల గుమ్మి, రొట్టెల పెనం, నాలుగు ట్రంకు పెట్టెలు పోయాయి. తండ్రి చేసిన టేకు అలమారను అఖీల్ కాసేపు చేత్తో నిమిరి, అదీ పంపించేశాడు. గోడకున్న మేకులు పీకుతుంటే గోవిందమ్మ అడ్డం వచ్చింది.

“గీ క్యాలెండర్ నీకేం అడ్డమొచ్చింది కొడుకా?”

“తిథులన్నీ ఫోన్‌ల ఉంటయి పెద్దమ్మా.”

“తిథుల కోసం కాదు. ఫ్యాన్ గాలికి అది టపటప కొట్టుకుంటే ఇంట్ల ఇంకో మనిషి ఉన్నట్టు ఉంటది.”

అఖీల్ దీన్ని తన ఫోన్‌లో జాగ్రత్తగా నమోదు చేసుకున్నాడు. ‘శబ్ద కాలుష్యం’ అనే శీర్షిక కింద. మేకు పోయింది. అదే వరుసలో ఉన్న జంగయ్య ఫోటో కూడా కిందికి దిగింది. ఫోటో విషయంలో అఖీల్ కఠినంగా లేడు, పెట్టుకోవచ్చన్నాడు. కాకపోతే దండ, బొట్టు లేకుండా, నలుపు తెలుపుల్లో, ముఖం పక్కకు తిప్పి ఉండాలన్నాడు. జంగయ్య బతికుండగా ఎప్పుడూ ముఖం పక్కకు తిప్పలేదు కాబట్టి ఆయన కూడా కార్ఖానాకే వెళ్ళాడు.

నాలుగు నెలలకు ఇల్లు తయారైంది. నేను వెళ్ళి చూశాను. చూడవలసింది ఏమీ లేకుండా చాలా అద్భుతంగా ఉంది. అలమారలకు పిడులు లేవు, అవి అలమారలని తెలియకుండా గోడల్లో కలిసిపోయాయి. ఫోన్‌లో యాప్ నొక్కితే తెరుచుకుంటాయి. సోఫా ఉంది, వీపు ఆనించే భాగం చూడటానికి మాత్రమే. నడుమ వర్షిత టేబుల్. దాని మీద గాజు గిన్నె, గిన్నెలో మూడు ప్లాస్టిక్ నిమ్మకాయలు. మూడే ఎందుకంటే నాలుగైతే అది పచ్చడికి తెచ్చినట్టు కనిపిస్తుందట.

గృహప్రవేశం నాడు చిన్న ఇబ్బంది వచ్చింది. కొత్త పొయ్యికి ‘పొంగు నిరోధక భద్రత’ ఉంది. పాలు అంచు దాకా వస్తే కుయ్యిమని కూసి దానంతట అదే ఆరిపోతుంది. పంతులు మంత్రం చదువుతాడు, పాలు లేస్తాయి, అందరూ చేతులు జోడిస్తారు, పొయ్యి కూస్తుంది, పాలు దిగిపోతాయి. నాలుగుసార్లు ఇదే జరిగింది. అయిదోసారి పంతులు మంత్రం మానేసి యాప్‌లో సెట్టింగులు వెతికాడు. అఖీల్ మాత్రం గర్వంగా, “ఎన్నిసార్లు పెట్టినా పొంగదు, గ్యారంటీ” అన్నాడు. చివరికి మెహమూద్ మిస్త్రీ తన కార్ఖానాలోంచి సరేసు జిగురు ఉడికించే పాత పొయ్యి తెచ్చి గేటు బయట పెడితే, పాలు రోడ్డు మీద పొంగాయి. శాస్త్రం ప్రకారం ఇంటి వాళ్ళంతా రోడ్డు మీదికి గృహప్రవేశం చేసినట్టయింది. అప్పుడు అందరం నవ్వాం.

ఇల్లు ఇచ్చేటప్పుడు అఖీల్ పదేళ్ళ వారంటీ కాగితం కూడా ఇచ్చాడు. ముప్పై ఎనిమిది పేజీలు. రిత్విక్ మొదటి పేజీ, చివరి పేజీ చదివి సంతకం పెట్టాడు. (లెక్చరర్లు జవాబు పత్రాలు దిద్దే పద్ధతి కూడా ఇదేనని విన్నాను.) నడుమ పేజీల్లో తొమ్మిదో సూత్రం ఉంది. దాని పేరు సమతూకం. ఇంట్లోకి కొత్తగా ఒకటి వస్తే, అంత పరిమాణం గలది ఒకటి బయటికి పోవాలి. మూడు గంటలకు మించి ఇంట్లో ఉన్న ప్రతిదీ వస్తువు కిందికే వస్తుంది. (ఈ నిర్వచనం సర్కారు ఆఫీసులకు వర్తిస్తే ఫర్నిచర్ కొరత ఒక్క రోజులో తీరిపోతుంది.) సమతూకం తప్పితే యాప్ అలిగి అలమారలు తెరవడం మానేస్తుంది. బియ్యం, పప్పు, బట్టలు, మందు గోలీలు అన్నీ ఆ అలమారల్లోనే ఉన్నాయి.

ఈ సూత్రాలను కాపాడటానికి కాసా పాలమూరు ఒక అధికారిని కూడా నియమించింది. ఆయన హోదా ‘ఖాళీ స్థల పర్యవేక్షకుడు’. పేరు డేవిడ్. రిటైరైన బస్సు కండక్టరు. యాభై సీట్ల బస్సులో తొంభై మందిని, రెండు మేకలను, ఒక కొత్త పెళ్ళికూతురి సామానును ఎక్కించి ఎవరికీ మాట రాకుండా కొల్లాపూర్ చేర్చిన మనిషి. ఇన్నేళ్ళు జాగా లేని చోట జాగా చూపించినవాడు, ఇప్పుడు జాగా ఉన్న చోట లేదని చెప్పే ఉద్యోగంలో చేరాడు. రెండింటికీ కావలసిన అర్హత ఒకటేనని ఆయన నాతో అన్నాడు, మొహమాటం ఉండకూడదట.

కోస్గి నుంచి రాకపోకలు తగ్గిపోయాయి. వచ్చినవాళ్ళు చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక చేతుల్లో పట్టుకుని నిలబడి, నిలబడే మాట్లాడి, మూడు గంటల లోపే వెళ్ళిపోయేవారు. వర్షిత తన ఖాళీ టేబుల్ ముందు కూర్చునేది. ఆ పిల్ల ముఖంలో వెలుగు చూసి గోవిందమ్మ కూడా సంతోషించింది. కార్ఖానాకు పోయి తన మంచాన్ని అప్పుడప్పుడు చూసి వచ్చేది.

అలా అన్నీ సక్రమంగా నడుస్తుండగా బక్కమ్మ కళ్ళకు పొరలు వచ్చాయి.

బక్కమ్మ గోవిందమ్మకు అక్క. పన్నెండేళ్ళు పెద్ద. తల్లి చిన్నప్పుడే పోతే గోవిందమ్మను చంకన వేసుకుని తిరిగి సాకింది ఆమే. కోస్గిలో ఒక్కతే ఉంటుంది. మహబూబ్‌నగర్‌లో ఆపరేషన్ అని తేలగానే గోవిందమ్మ ఫోన్‌లో, “పదిహేను దినాలు నా తాననే ఉండాలె అక్కా. నీ కండ్లు నా ఇంట్లనే తెరువాలె” అని మాట ఇచ్చింది. మాట ఇచ్చాక తొమ్మిదో సూత్రం గుర్తొచ్చింది. దరఖాస్తు పెట్టుకుంది.

దరఖాస్తు పేరు ‘ఆగంతుక వస్తు ప్రవేశ పత్రం’. అందులో బక్కమ్మ రంగు, ముగింపు (నున్ననిదా, గరుకుదా), గోడకు బిగించవచ్చునా అనే వివరాలు నింపాలి. రిత్విక్ అన్నీ నింపాడు. మర్నాడు డేవిడ్ టేపుతో వచ్చి బక్కమ్మకు సరిపడా ఏది బయటికి పంపవచ్చో ఇల్లంతా తిరిగి చూశాడు. సోఫా తీయరాదు, అది సూత్రాలకు ఆధారం. టేబుల్ తీయరాదు, దాని కోసమే ఇదంతా. నిమ్మకాయల గిన్నె తీయవచ్చు గానీ చాలదు. గంటసేపు లెక్కలు వేసి, చివరి గడిలో ఏదో రాసి, పెన్ను మూతపెట్టి తల వంచుకున్నాడు.

వర్షిత కాగితం లాక్కుని చదివింది. “గిదేంది అంకుల్! ‘తొలగించదగిన వస్తువు, గోవిందమ్మ, ఒకటి’ అని రాసిండ్రు! మా అత్తమ్మ వస్తువా?”

“నేను అన్లేదు బిడ్డా. ఫారం అంటాంది” అన్నాడు డేవిడ్.

“ఫారం ఏంది, మీరు రాసిండ్రు కదా!”

“ఎవ్వరి పేరు రాయకుంటే యాప్ తీసుకుంటలేదు. మీ ఇద్దరు డ్యూటీలకు పోతరు, యాప్ లెక్కల రోజు బయటికి పోయినట్టే. పొద్దంత ఉండేది అమ్మ ఒక్కతే.”

రిత్విక్ అఖీల్‌కు ఫోన్ చేస్తానన్నాడు. చేశాడు కూడా. అఖీల్ ఎంతో మర్యాదగా, పెద్దమ్మ అంటే తనకు ప్రాణమని, కానీ యాప్ బెంగళూరు వాళ్ళదని, దాని మీద తన మాట నడవదని చెప్పాడు. గోవిందమ్మే తేల్చేసింది.

“గీ పంచాది అంత ఎందుకు? నేను మెహమూద్ భాయ్ కార్ఖానల పండుకుంట. నా మంచం గాడనే ఉన్నది. అక్క ఇంట్ల ఉంటది. ఒప్పుకున్న మాట ఒప్పుకున్నట్టే ఉంటది.”

“అమ్మా, గిది మన ఇల్లు” అన్నాడు రిత్విక్.

“అవు కొడుకా. మన ఇల్లే. గందుకే చెప్పి పోతున్న” అన్నది.

అట్లా బక్కమ్మ లోపలికి వచ్చింది, గోవిందమ్మ బయటికి వెళ్ళింది. యాప్‌లో ఆకుపచ్చ దీపం వెలిగి, సమతూకం పాటించినందుకు అభినందనలు తెలిపింది. బక్కమ్మ వెంట తెచ్చిన సీతాఫలాల సంచి మాత్రం గేటు దగ్గరే ఆగి, కార్ఖానాకు దారి మళ్ళింది.

ఆపరేషన్ అయ్యి కళ్ళకు పట్టీ కట్టుకున్న అక్కకు అన్నం తినిపించాలి, చుక్కల మందు వేయాలి, చెయ్యి పట్టుకుని నడిపించాలి. ఇవన్నీ చేయవలసిన మనిషి బయట ఉంది. దీనికి గోవిందమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. పొద్దున్నే సందర్శకురాలిగా లోపలికి వెళ్ళేది. మూడు గంటలు నిండటానికి అయిదు నిమిషాల ముందు బయటికి వచ్చి, రోడ్డు దాటి, మా గడప మీద కూర్చునేది. కాసేపాగి మళ్ళీ కొత్తగా లోపలికి వెళ్ళేది. అక్కకు మాత్రం ఏమీ తెలియనివ్వలేదు.

“కాళ్ళు నొస్తలేవా అమ్మా?” అని అడిగాను ఒకరోజు.

“నొస్తయి సారూ. గని మా అక్క నన్ను ఎత్తుకోని తిరిగినప్పుడు గామె కాళ్ళు నొయ్యలేదా?” అని, కొంగుతో ముఖం తుడుచుకుని, గేటు వైపు చూసి, “అయ్యిందా టైము?” అన్నది.

ఈ వ్యాసం పొడవునా నేను ముఖం బిగించుకునే రాస్తున్నాను గానీ, ఆ రోజు నాకు నిజంగా కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలియక, ఇంట్లోకి వెళ్ళి మా ఫ్రిజ్ తలుపు గట్టిగా వేశాను.

నాలుగో రోజు పట్టీలు విప్పవచ్చన్నారు. బక్కమ్మకు రెండు కళ్ళకూ ఒకేసారి చేశారు, మళ్ళీ మళ్ళీ రాలేనని ఆమే పట్టుబట్టిందట. హాల్లో సోఫా మీద గోడకు ఎదురుగా కూర్చోబెట్టారు. రిత్విక్ సెలవు పెట్టాడు, వర్షిత పర్మిషన్ తీసుకుని వచ్చింది. నన్నూ పిలిచారు. వెలుతురుకు అడ్డం రావద్దని మేమంతా సోఫా వెనక్కి జరిగాం, గోవిందమ్మ అక్క వెనకే నిలబడి నెమ్మదిగా పట్టీలు విప్పింది.

బక్కమ్మ కళ్ళు తెరిచింది. ఎదురుగా చూసింది. కుడి పక్క చూసింది. ఎడమ పక్క చూసింది. పైకి చూసింది. తర్వాత నెమ్మదిగా అన్నది.

“చెల్లె, ఆపరేషన్ ఖరాబయింది.”

“ఏమయింది అక్కా!”

“ఏం కనవడ్తలేదు. అంత తెల్లగ, పాల లెక్కనే ఉన్నది. ఇంతకు ముందట మసక మసకగ ఏదో ఒకటి కనవడుతుండె. ఇప్పుడు గది సుత లేదు.”

గోవిందమ్మ గొల్లుమన్నది. కన్నతల్లి లాంటి అక్కను తన ఇంటికి పిలిచి కళ్ళు పోగొట్టానని రొమ్ము బాదుకున్నది. వర్షిత దవాఖాన కాగితాలు సంచిలో వేసుకుంది. రిత్విక్ ఆటో కోసం పరుగెత్తాడు. బక్కమ్మ ఒక్కతే నిబ్బరంగా, “ఏడువకు పిల్లా. ఉన్న కండ్లు చూసినకాడికి చూసినయి” అని ఓదార్చింది.

కళ్ళ దవాఖానలో డాక్టరు దీపం వేసి చూశాడు. రెండు కళ్ళూ అద్దాల్లా ఉన్నాయన్నాడు. వేళ్ళు చూపించాడు, చెప్పింది. గోడ మీది బొమ్మలు చూపించాడు, అన్నిటికన్నా కింది వరుసలోని చిన్న గొడుగుతో సహా చెప్పింది. ఆయన చొక్కాకు రెండో గుండీ లేదని కూడా చెప్పింది.

“మంచిగనే కనవడ్తాంది కదా అవ్వా! ఇంట్ల ఏం కనవడ్తలేదంటవు?”

“గదే కద సారూ నేను అడిగేది. గీడ అన్ని కనవడ్తున్నయి. మా చెల్లె ఇంట్లకు పోతే ఏం కనవడ్తలేదు. మంచం కనవడ్తలేదు, బిందెలు కనవడ్తలేవు. ఆఖరికి మా మరిది జంగయ్య ఫోటో గోడకు ఉంటుండె, గది సుత కనవడ్తలేదు.”

డాక్టరు రిత్విక్ వైపు చూశాడు. రిత్విక్ వర్షిత వైపు చూశాడు. వర్షిత నేల వైపు చూసింది. గోవిందమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పక్కకు తిరిగింది. డాక్టరు చీటీ మీద, ‘రోగి చూపు బాగుంది. ఇంటిని ఒకసారి చూపించుకోవాలి’ అని రాసి ఇచ్చాడు. (ఆ చీటీ నేను చూశాను. మందులేమీ రాయలేదు.)

తిరుగుదారిలో ఆటో కార్ఖానా సందు లోంచి వచ్చింది. మెహమూద్ మిస్త్రీ కార్ఖానాలో అప్పటికి పదిహేడు ఇటాలియన్ ఇళ్ళ సామాను పోగై ఉంది. మంచాల మీద మంచాలు, కుర్చీల మీద కుర్చీలు, పెళ్ళిళ్ళ ఫోటోలు, తిరగళ్ళు, ఊయల బల్లలు. సాయంత్రం పూట ఇటాలియన్ ఇళ్ళ ముసలివాళ్ళంతా ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చోవడానికి అక్కడికే వస్తారు. మిస్త్రీ భార్య ఇక్బాల్ బీ అందరికీ చాయ్ పోస్తుంది. బక్కమ్మ ఆటో ఆపమని ఒక్క కేక పెట్టింది.

“అగో మంచం! అగో బిందె! అగ్గో, జంగయ్య! నవ్వుతాండు చూడు! చెల్లె, నాకు కండ్లొచ్చినయే!”

దిగి, తడబడకుండా నడిచి, నులక మంచం మీద కూర్చుంది. సీతాఫలాలు పండాయా అని సంచి విప్పి చూసింది. తలాపున చెల్లెలి దుప్పటి, చెల్లెలి మందుల డబ్బా, చెల్లెలి దువ్వెన కనిపించాయి. కొత్తగా వచ్చిన చూపు కదా, అన్నీ స్పష్టంగా కనిపించాయి. ఆ దుప్పటిని ఒళ్ళోకి లాక్కుని, “నేను గీడనే ఉంట” అన్నది.

ఆ సాయంత్రమే డేవిడ్ శుభవార్త పట్టుకుని కార్ఖానాకు వచ్చాడు. బక్కమ్మ బయటికి వెళ్ళడంతో ఇంట్లో ఒక సీటు ఖాళీ అయిందని, దరఖాస్తు కూడా లేకుండా గోవిందమ్మ ఎక్కవచ్చని చెప్పాడు.

గోవిందమ్మ జొన్నరొట్టె కొడుతోంది. చెయ్యి ఆపలేదు. “ఒచ్చిన తర్వాత రేపు ఇంకెవ్వరన్న ఒస్తరు. కోస్గి పెద్దది డేవిడన్నా. మళ్ళ దిగాలె. నాతోని కాదు” అన్నది. ఇక్బాల్ బీ ఒక రొట్టె తుంచి, వెల్లుల్లి కారం పెట్టి డేవిడ్ చేతిలో పెట్టింది. ఆయన డ్యూటీలో ఉన్నానని చెప్పి, తిన్నాడు.

బక్కమ్మ కోస్గి వెళ్ళలేదు, గోవిందమ్మ ఇంటికి వెళ్ళలేదు. పదిహేను రోజులు నెలన్నర అయ్యాయి. దవాఖానకు వచ్చిన కోస్గివాళ్ళు ఇప్పుడు గోవిందమ్మ ఇల్లు ఎక్కడని అడగడం లేదు, నేరుగా కార్ఖానాకే వస్తున్నారు. అఖీల్ కూడా రెండు పూటలా అక్కడే తింటాడు. తన ఇంటికి కూడా పదకొండు సూత్రాలూ పెట్టించుకున్నాడట, రొట్టె కాల్చుకునే జాగా దొరకడం లేదట.

ఒకరోజు బ్యాంకు నుంచి వర్షిత తిన్నగా కార్ఖానాకే వచ్చింది. భుజానికి బ్యాగుతో గుమ్మంలో నిలబడిపోయింది. ఆమె వెనక రిత్విక్.

“టేబుల్ మీద ఏం లేదు అత్తమ్మా” అన్నది. “దాని ముంగట కూసుంటే, నాకు ఎదురుంగ సుత ఎవ్వరు లేరు.”

అప్పటికి కార్ఖానాలో ఇరవై మంది ఉన్నారు. కోస్గి నుంచి ఆ రోజే వచ్చిన ఏడుగురు నేల మీద కూర్చుని తింటున్నారు. కాలు పెట్టడానికి సందు లేదు. గోవిందమ్మ చుట్టూ చూసింది.

“జాగా అయితే లేదు బిడ్డా” అన్నది. “రాండ్రి, జరుగుతం.”

అందరూ జరిగారు.

ఆ వారమే కాసా పాలమూరు వారి మూడు నెలల తనిఖీ జరిగింది. గోవిందమ్మ ఇల్లు నూటికి నూరు మార్కులతో జిల్లాలో మొదటి స్థానం సాధించింది. ఇంటి యజమాని సంతకం కోసం డేవిడ్ నివేదికను కార్ఖానాకు తెచ్చి చదివి వినిపించాడు. గోడలు, శుభ్రం. నేల, శుభ్రం. టేబుల్, శుభ్రం. మనుషులు, లేరు. లోపాలు, లేవు.